నలుపేనన్నారు నలుగురూ

యానాపంపా
జనవరి 9

ఆగ్రిపినాకు,

దొమితిలా రాస్తున్నది. నాలుగేళ్ళుగా రాయనిది ఇప్పుడెందుకు రాసిందని కంగారుపడకు. ఎవరూ పోలేదు.

విషయం ఇది. నా అల్పాకా పోతు సెనేటర్‌కు కుడికాలు బెణికింది. మేతకు నడుస్తాడు గానీ అసలు పనికి పనికిరాడు. వానలు పడి మేత పచ్చగా ఉంది, తొమ్మిది ఆడ అల్పాకాలు జతకు సిద్ధంగా ఉన్నాయి. ఈ రెండు నెలలూ దాటిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. నీ దగ్గర బిషప్ అనే నల్ల పోతు ఉన్నాడని విన్నాను. నెల రోజులు పంపు. మేత, నీళ్ళు, కాపలా నావి. ఆనవాయితీ ప్రకారం వాడికి పుట్టినవాటిలో ఒక పిల్ల నీది. కనుమకు ఇటువైపు ముప్ఫై ఇళ్ళున్నాయి, నల్ల పోతు ఒక్కటీ లేదు. ఉన్ని కొనేవాళ్ళు తెలుపే కావాలన్నారని అందరూ తెల్లవాటి వెంట పడ్డారు. రేపు వాళ్ళు ఆకుపచ్చది కావాలన్నా పడతారు.

నా మనవరాలు ఇల్యారీకి నాలుగో ఏడు నడుస్తోంది. ఇంకా పుట్టువెంట్రుకలు తీయలేదు. మొదటి కత్తెర పడిన రోజున మా అమ్మ నాకు తన మందలోంచి నల్ల ఆడపిల్లనిచ్చింది. ఆమెకు వాళ్ళమ్మ ఇచ్చింది. నేను ఇల్యారీకి ఇవ్వాలి. ఆ పిల్ల పుడితేగానీ ఈ పిల్ల జుట్టు తీయనని మాటిచ్చేశాను. కోడలు రుఫినా రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకుని దాని వెంట పరుగెడుతుంది. ఆ కేకలు కనుమ దాటి మీ పుకాకాంచాకు వినబడుతూనే ఉంటాయి.

ఎలాగూ అడుగుతావు కనుక చెప్తున్నాను, కుస్కోలో నా కుడికంటి పొర తీశారు. ఎడమకన్ను వచ్చే ఏడు. బాగానే కనబడుతోంది.

జవాబు ఫావుస్తో లారీలో పంపు.

దొమితిలా


పుకాకాంచా
జనవరి 16

వదినా,

కవరు మీద నీ చేతిరాత చూడగానే కూర్చుండిపోయాను. ఎవరూ పోలేదని మొదటి ముక్కే రాశావు, మంచిదానివి. లేకపోతే నీ బదులు నేను పోయేదాన్ని.

ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్కటే అర్థం కాలేదు. నీ మందంతా నలుపే గదా. సెనేటరూ నలుపే. నాలుగేళ్ళ నుంచి పుట్టినవన్నీ నలుపే. ఊరంతా అదే మాట చెప్పుకుంటోంది. మరి ఇల్యారీకి ఇవ్వడానికి ఒక నల్లపిల్ల దొరక్క నా బిషప్ కావాల్సొచ్చాడా?

ఆ కార్నివాల్ నాకు నిన్నటిలా గుర్తుంది. మందల్లో పుట్టిన పిల్లల చెవులకు ఎవరివో తెలిసేలా రంగుదారాలు కడుతున్నాం. నీవాటికి ఆకుపచ్చ, నావాటికి పసుపు. సెనేటర్ అప్పటికి ఏడాది పిల్లాడు. "వీణ్ణి పోతుగా ఉంచుతున్నా, మా అమ్మ నలుపు మొత్తం వీడిలోనే ఉంది" అన్నావు. "వదినా, ఇది నలుపు కాదే, కాఫీ" అన్నాను. తప్పేమన్నాను? "కళ్ళద్దాలు కొనుక్కో" అన్నావు, వందమంది ముందు. సూప్ గిన్నె చేతిలో ఉండగానే లేచొచ్చేశాను. గిన్నె కూడా తెచ్చేశాను. ఇంకా నా దగ్గరే ఉంది.

వచ్చే గురువారం తర్వాతి లారీలో బిషప్‌ను పంపుతాను. ఒకటే షరతు. నాకు ఒక్క వాక్యం రాసి పంపు. "సెనేటర్ కాఫీ రంగు." మూడు ముక్కలు. నీకున్న చదువుకు ఇదేం బరువు కాదు.

షరతు ఒప్పుకోకపోయినా వాడొస్తాడనుకో. తిరిగి పంపడానికి తొందరేం లేదు.

ఆగ్రిపినా


యానాపంపా
జనవరి 23

ఆగ్రిపినా,

నీ వాక్యం నేను రాయను.

మిట్టమధ్యాహ్నం ఎండలో, దక్షిణం వైపు నిలబడి చూస్తే, సెనేటర్ వీపు కొంచెం ఎర్రగా అనిపించవచ్చు. అది వెలుతురు సంగతి. వెలుతురుతో నాకు గొడవ లేదు.

గిన్నె సంగతి నాకు తెలుసు. దాని జతవి అయిదు నా దగ్గర నాలుగేళ్ళుగా నిన్ను తిట్టుకుంటున్నాయి.

దొమితిలా


యానాపంపా
ఫిబ్రవరి 13

ఆగ్రిపినా,

బిషప్ చేరాడు. లారీ దిగి, మెడ చాచి, ఊరిని ఒకసారి చూసి, ఎవరూ లేచి నిలబడలేదేమని ఆగాడు. పేరు సరిగ్గా పెట్టావు. నలుపంటావా, అది నలుపే. కుండ అడుగు కూడా వాడి పక్కన పెడితే సిగ్గుపడుతుంది. అతిథి కనుక ఒప్పుకుంటున్నాను.

ఇక జరిగింది చెప్తాను. నవ్వితే ఇంకోసారి రాయను.

మర్నాడు దొడ్లోకి వాణ్ణి వదిలాం. ఆడది మోకాళ్ళు మడిచి కూర్చుంటే ఒప్పుకున్నట్టు, ఉమ్మి పారిపోతే అప్పటికే కడుపులో పిల్ల ఉన్నట్టు. ఇది నాకు నువ్వు నేర్పక్కర్లేదు. మొదటిది ఉమ్మింది. రెండోది ఉమ్మింది. మూడోది గురి తప్పి నా టోపీ మీద ఉమ్మింది. తొమ్మిదింట్లో ఏడు ఉమ్మాయి, ఆగ్రిపినా. పాపం మీ బిషప్ గోడవారగా నిలబడి, కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకుంటున్నవాడిలా అన్నీ భరించాడు.

కుంటి సెనేటర్‌కు ఏడు ఎలా చూడి కట్టాయని అడుగుతావు. అడుగు. నేను కుస్కోలో కంటికి కట్టు కట్టుకుని పడుకున్న పన్నెండు రోజుల్లో వాడు ఆడవాటి దొడ్డి గోడ దూకాడు. భుజమెత్తు గోడ. కాలు బెణికిందని నేను నీకు రాసింది అబద్ధం. సెనేటర్ కాళ్ళు నాలుగూ బంగారంలా ఉన్నాయి. ఆ సమయానికి కాస్త బెణికి ఉంటే బాగుండేది.

రుఫినాను నిలదీశాను. "దూకడం చూశాను అత్తయ్యా. నల్ల పోతు, నల్ల ఆడవి. మీరు రాగానే చేయించే పనే గదా, వాడే చేసుకుంటున్నాడని ఊరుకున్నా" అంది. నేను నేర్పిన జవాబు నాకే అప్పగించింది.

మిగిలినవి రెండు. మసిగుడ్డ, ఈగ. దేవుడి దయవల్ల రెండూ అసలైన నలుపు. మసిగుడ్డకు పదిహేనేళ్ళు, కింది దవడలో పళ్ళు మూడు. అది బిషప్‌ను చూసిందో లేదో, ముసలమ్మ పీటమీద కూర్చున్నంత నింపాదిగా కూర్చుంది. ఈగ చిన్నది, మొదటి కాన్పు. పది రోజులు ఆలోచించి మొన్న ఒప్పుకుంది. అంటే మా అమ్మ నలుపు ఇప్పుడు ఒక పళ్ళూడిన ముసలిదాని మీదా, ఒక తింగరిదాని మీదా ఆధారపడి ఉంది. పుట్టేది ఆడదై ఉండాలి, నల్లదై ఉండాలి, బతకాలి. ఇల్యారీ జుట్టు ఇంకో ఏడాది అలాగే ఉండాలి. రుఫినా నాతో మాట్లాడటం లేదు. దువ్వెన విరిగింది.

దొమితిలా


పుకాకాంచా
ఫిబ్రవరి 27

వదినా,

నవ్వాను. నవ్వనని నేనెక్కడా మాటివ్వలేదు. కుంటి సెనేటర్ గోడ దూకిన చోటికి వచ్చేసరికి పొట్ట పట్టుకుని కుర్చీలోంచి జారిపోయాను.

ఇప్పుడు విను. రెండు వారాలకోసారి బిషప్‌ను ఆ రెండింటి ముందుకు తీసుకెళ్ళు. ఉమ్మినంతకాలం భయం లేదు. ఉమ్మడం మానేసి కూర్చుంటే కడుపు నిలవలేదని అర్థం. మసిగుడ్డకు ఓట్స్ గడ్డి నానబెట్టి పెట్టు, మూడు పళ్ళతో అదేం నములుతుంది? మంచు పడే నెలల్లో దాన్ని గోడపక్కన, గాలి తగలని మూల కట్టెయ్.

బిషప్‌ను పంపే తొందర పెట్టుకోకు. ఇక్కడ మేత సరిగ్గా లేదు. అక్కడే ఉండనీ. చేతిలోంచి ఉప్పు నాకుతున్నాడా? ఎడమ దవడ కింద గోకితే మెడ వాలుస్తాడు, చేసి చూడు. పొద్దున్నే ఈల వేస్తే వస్తాడు. నీకు ఈల రాదు గదా, ఇల్యారీకి నేర్పించు.

ఆ మూడు ముక్కలూ ఇంకా రాలేదు. లారీలో ఎక్కడైనా జారిపోయాయేమో ఫావుస్తోను అడిగాను. లేదన్నాడు.

ఆగ్రిపినా


యానాపంపా
జూన్ 19

ఆగ్రిపినా,

మసిగుడ్డ నిన్న కూడా బిషప్ ముఖం మీద ఉమ్మింది. ఈగ రెండుసార్లు ఉమ్మింది. ఇంత శుభవార్త ఇంత అసహ్యంగా ఇంకే జీవీ చెప్పదు.

ఒక మూట చూన్యో పంపుతున్నాను. ఈసారి మంచు బాగా పట్టింది, ఆరబెట్టిన బంగాళాదుంపలు గులకరాళ్ళలా ఎండాయి. పోయిన వారమే పంపేదాన్ని. "పుకాకాంచా మలుపులో దించాలంటే బరువెక్కువ టీచరమ్మగారూ" అని ఫావుస్తో నసిగాడు. లారీకి బరువేమిట్రా అన్నాను. నేల చూశాడు. మూడో తరగతిలో పలక పగలగొట్టి పిల్లి మీద చెప్పినప్పుడూ ఇలాగే నేల చూశాడు. అప్పుడు ఎంతసేపు పట్టిందో ఇప్పుడూ అంతే పట్టింది. నిజం చెప్పేశాడు. వాణ్ణి ఏమీ అనకు.

వాడు చెప్పకముందే నాకు అనుమానం. నీ ఉత్తరాల పైన పుకాకాంచా అని ఉంటుంది. పుకాకాంచాలో రాసిన కాగితానికి పేడపొగ వాసన ఉండాలి. నీ ఉత్తరాలకు వేయించిన చేపల వాసన. సికువానిలో నీ కూతురు గ్లాదిస్‌ది చేపల హోటలని నాకు తెలుసు. ఏడాదిగా అక్కడే ఉంటున్నావు. నీ మంద లేదు. నాకు చెప్పలేదు.

నువ్వు దాచింది నాకు తెలిసింది కనుక, నేను దాచింది నీకు చెప్పడం న్యాయం.

కంటికట్టు విప్పుకుని ఇంటికొచ్చిన రోజున దొడ్డి తలుపు తీశాను. ఎవరి మందనో తోలుకొచ్చి నా దొడ్లో పెట్టారనుకున్నాను. సెనేటర్‌కు పుట్టినవన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. చిక్కటి కాఫీ, పలుచటి కాఫీ, మాడిన కాఫీ. ఇల్యారీకని నేను ఎంచిపెట్టిన పిల్ల అయితే కాఫీలో ఎవరో ధారాళంగా పాలు పోసినట్టుంది. రుఫినాను పిలిచి ఇదేం రంగన్నాను. "నలుపే అత్తయ్యా." గోడవతల నుంచి పొరుగాయన కూడా "నలుపే టీచరమ్మగారూ" అన్నాడు, అసలు చూడకుండా. ఏదో ఒక నెపం పెట్టుకుని ముప్ఫై ఇళ్ళూ తిరిగాను. ముప్ఫై ఇళ్ళలోనూ నలుపే.

ఈ ఊళ్ళో అరవై లోపు పెద్దవాళ్ళంతా నా బళ్ళో చదివినవాళ్ళే. ముప్ఫై ఎనిమిదేళ్ళు తప్పు జవాబు చెప్పినవాడి చెవి మెలేశాను. దానివల్ల వాళ్ళు సరైన జవాబు నేర్చుకున్నారనుకున్నాను. నేర్చుకున్నది నాకు నచ్చే జవాబు. పొర నా కంట్లోనే ఉంటే కుస్కోలో తీసేశారు. ఊరందరి నోట్లో నేను పెట్టిన పొరను ఏ డాక్టరు తీస్తాడు?

నువ్వు నా బళ్ళో చదవలేదు. నీ చెవి నాకు దొరకలేదు.

నీ మొగుడూ నా తమ్ముడూ అయిన తెయోదోరో పెళ్ళికి ముందు కట్టుకున్న కింది గుడిసె ఖాళీగానే ఉంది. కప్పు మీద గడ్డి కొత్తది వేయించాను. ఎందుకని అడగకు. కిందనే చిత్తడి మేత ఉంది, ఏడాది పొడుగునా పచ్చన. బిషప్ అక్కడే తిరుగుతుంటాడు. వచ్చెయ్.

ఇంత చెప్పాక ఆ వాక్యం వేరే రాయక్కర్లేదనుకుంటాను.

దొమితిలా


సికువాని (ఇక దాచేదేముంది)
జూలై 10

వదినా,

చూన్యో చేరింది. మూట విప్పి ముక్కు పెట్టి వాసన చూసుకున్నాను. గ్లాదిస్ నన్ను వింతగా చూసింది.

అంతా చెప్తాను. కిందటి ఆగస్టులో మంచు ఆరు రోజులు ఆగకుండా పడింది. ముప్ఫై ఒకటిలో ఇరవై రెండు పోయాయి. మిగతావాటిని తవ్వి తీస్తూ జారిపడ్డాను, మోకాలు పోయింది. గ్లాదిస్ వచ్చి నన్ను సంచిలా లారీలో వేసుకుని తీసుకొచ్చింది. ఉన్న ఎనిమిదిని అమ్మేశాను. బిషప్‌ను ఎవరూ కొనలేదు. నల్లవాడి ఉన్ని ఎవరిక్కావాలి? వాణ్ణి పుకాకాంచాలో పొరుగువాళ్ళ దగ్గర వదిలాను. మేత లేదు, ఇక ఉంచుకోలేమన్నారు. మాంసం కొట్టువాడికి మాటిచ్చేశాను. వాడు శనివారం రావాలి. నీ ఉత్తరం గురువారం వచ్చింది.

కూర్చుండిపోయానని రాశానే, అది నిజంగా ఇందుకు. నాలుగేళ్ళ తర్వాత నువ్వు రాసిన మొదటి ఉత్తరంలో అడిగింది వాణ్ణే.

ఇక్కడ బాగానే ఉన్నాను. మూడో అంతస్తు. కిటికీలోంచి ఎదురింటివాళ్ళ ఆరేసిన బట్టలు కనబడతాయి. మంగళవారం ఒక నల్లటి కంబళి ఆరేస్తారు, దాన్ని చూస్తూ కూర్చుంటాను. గ్లాదిస్ మంచిదే. నన్ను చేపలు తోమనివ్వదు, మెట్లు దిగనివ్వదు, టీవీ మాత్రం చూడనిస్తుంది.

కానీ రాను వదినా. నీ నోటికి ఎప్పుడూ భయపడలేదు. నీ జాలికి మాత్రం భయం. నాకు మంద లేదని తెలిశాక గడ్డి వేయించి పిలిచావు. నాతో పని పడి పిలిస్తే అది వేరు.

నీ ఉత్తరం నాలుగు పేజీలు. ఆ మూడు ముక్కల కోసం వెనకవైపు కూడా చూశాను.

ఆగ్రిపినా


యానాపంపా
డిసెంబరు 18

ఆగ్రిపినా,

ఏడింటి కాన్పులూ అయిపోయాయి. ఏడు పిల్లలు, ఏడూ కాఫీ. ముద్దుగా ఉన్నాయి, అబద్ధమెందుకు. "నల్లటి పిల్లలు టీచరమ్మగారూ, అదృష్టం" అని ఊరివాళ్ళు వరసగా వచ్చి చెప్పి వెళ్ళారు. సెనేటర్‌కు విత్తులు కొట్టించాం. పదవీకాలం ముగిసినట్టు వాడికింకా తెలియదు, గోడ వైపు చూస్తూనే ఉంటాడు.

మసిగుడ్డ పొట్ట నేలను రాస్తోంది. నడిస్తే ఆయాసం. రోజంతా దాని పక్కనే కూర్చుని ఉన్ని వడుకుతున్నాను. దానికి నా వయసే, అల్పాకా లెక్కలో. మా ఇద్దరిలో ఎవరు ముందు కునుకు తీస్తారన్నదే పందెం.

జాలి గురించి నువ్వు రాసినదానికి జవాబు ఆలోచిస్తున్నాను. అయిదు నెలలుగా. తొందరపెట్టకు.

దొమితిలా


యానాపంపా
జనవరి 8

ఆగ్రిపినా,

ఇవాళ పొద్దున ఎండ గోడ మీదికి ఎక్కేవేళకు మసిగుడ్డ ఈనింది. లేవలేకపోయింది. నేనూ రుఫినా పట్టుకున్నాం. ముందు ముక్కు వచ్చింది, తర్వాత రెండు కాళ్ళు, తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. రుఫినా ఏడాది తర్వాత నాతో మాట్లాడింది, "లాగండి అత్తయ్యా" అని. లాగాం.

ఆడది. బతికే ఉంది. మసిగుడ్డా బతికే ఉంది, మూడు పళ్ళతో నన్ను కరవబోయింది కూడా.

ఇప్పుడు నా కష్టం విను. పుట్టిన ప్రతి పిల్లా తడిగా ఉన్నప్పుడు నల్లగానే ఉంటుంది, నీకు తెలుసు. ఆరితేగానీ రంగు బయటపడదు. ఎండలో గోనెపట్టా మీద పడుకోబెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఊరు ఊరంతా చుట్టూ చేరింది. కాళ్ళింకా తడిగా ఉండగానే "నలుపే టీచరమ్మగారూ" అని మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి ఆరింది. "నలుపే." నా కుడికన్ను నలుపంటోంది. ఎడమకన్నూ నలుపే అంటోంది గానీ అది సెనేటర్‌ను కూడా నలుపే అంది. కుడికన్నును నమ్ముదామంటే, ఆ కన్ను వెనక ఉన్నది నేనే గదా. ఇంత ఆశపడ్డ మనిషి చూపును ఎంతవరకు నమ్మాలి?

ఊళ్ళో వందమంది ఉన్నారు, ఒక్క సాక్షి లేడు. నాకు నిజం చెప్పే మనిషి మూడో అంతస్తులో కూర్చుని ఎదురింటివాళ్ళ కంబళి చూస్తోంది. ఇది జాలి కాదు ఆగ్రిపినా, పని. నువ్వొచ్చి, దాన్ని ఎండలోకి తెచ్చి, ఉన్ని పాయతీసి మొదలంటా చూసి, అందరి ముందూ చెప్పాలి. కాఫీ అయితే కాఫీ అని చెప్పు. ఇల్యారీ జుట్టు ఇంకో ఏడాది పెంచుతాం. నలుపైతే ఆ మొదటి కత్తెర నీ చేత్తోనే పడాలి. పాపకు ఇక నువ్వే జ్ఞానమాతవి, రెండో అమ్మవి.

నీ షరతు సంగతి. రాస్తున్నాను. వేరే పేజీ పెట్టాను, కావాలంటే చింపి దాచుకోవడానికి వీలుగా.

సెనేటర్ కాఫీ రంగు. ఆ కార్నివాల్ నాడూ కాఫీ రంగే.

దొమితిలా


సికువాని
జనవరి 15

వదినా,

ఆ పేజీని అల్లుడి చేత వంటగదిలో పైకి చదివించాను. నాకు చదువు రాక కాదు, ఇంకొకరి గొంతులో వినాలని. రెండోసారి చదవమంటే చేపలు మాడుతున్నాయన్నాడు. మాడనీ అన్నాను.

వచ్చే గురువారం ఫావుస్తో లారీలో వస్తున్నాను. కత్తెర తెస్తున్నాను. పసుపుదారం తెస్తున్నాను. నీ సూప్ గిన్నె తెస్తున్నాను. పరుపు కూడా తెస్తున్నాను, కనుక ఫావుస్తోను బరువు గురించి అడగకు. గ్లాదిస్ రెండు రోజులు ఏడ్చింది. "మోకాలితో కొండమీద ఏం చేస్తావే అమ్మా" అంది. "నిజం చెప్పడానికి వెళ్తున్నా, దానికి మోకాలితో పనిలేదు" అన్నాను.

ముందే చెప్తున్నాను. కాఫీ అయితే కాఫీ అనే అంటాను, నువ్వు మళ్ళీ నాలుగేళ్ళు మాట్లాడకపోయినా సరే. నలుపైతే నలుపంటాను. అదే నాకు కష్టం. నిన్ను గెలిపించి అలవాటు లేదు.

ఆగ్రిపినా


పై ఇల్లు, యానాపంపా
జనవరి 30

కింది గుడిసెలో ఆగ్రిపినాకు,

రుఫినా చేతికిచ్చి పంపుతున్నాను. అరవై మెట్లు దిగి నేనే చెప్పొచ్చు గానీ, ఏడాదిగా నీతో కాగితం మీద మాట్లాడుతుంటే నోటితో మాట్లాడినప్పటికన్నా మనం తక్కువగా పోట్లాడుకున్నాం. ఈ అలవాటు పోగొట్టుకోవాలని లేదు.

ఎనిమిది రోజులైంది నువ్వొచ్చి. లారీ దిగి, కనీసం నన్ను పలకరించకుండా, పిల్లను ఎండలోకి లాగి, మెడ దగ్గర, తొడ దగ్గర, పొట్ట కింద పాయలు తీసి తీసి చూసి, ఆఖరికి "నలుపే వదినా, ఏం చేస్తాం" అని మొహం అంత చిన్నబుచ్చుకుని అన్నావే, అంతమంది అన్న నలుపు ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. చెవులు పట్టుకుని నిలబెడితే తప్ప నోరు విప్పని ఊరు ఆ రోజు చప్పట్లు కొట్టింది. ఎవరో వెనక నుంచి "మరి సెనేటర్ కాఫీయే గదా టీచరమ్మగారూ" అన్నారు. ఫావుస్తో గొంతులా ఉంది. వాడి చెవి నేను మెలేయలేదు. నువ్వు చూశావు.

ఇల్యారీ తల గుండుగా, గుడ్డులా మెరుస్తోంది. నల్లపిల్ల దాని వెంట, అది నల్లపిల్ల వెంట. రుఫినా కొత్త దువ్వెన కొనుక్కుని తనే దువ్వుకుంటోంది. గిన్నెలు ఆరూ ఒకచోట చేరాయి.

అసలు విషయం. ఇందాకే, నువ్వు బిషప్ కోసం ఈల వేస్తున్నప్పుడు, ఈగ ఈనింది. ఎవరి సాయమూ తీసుకోలేదు. ఆడది. లేచి నిలబడటానికి మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ పడి, నాలుగోసారి నిలబడింది. ఆనవాయితీ ప్రకారం ఇది నీది. దారం కట్టాల్సింది కార్నివాల్ రోజునే అంటావు. నాకు డెబ్భై నాలుగు, నీకు డెబ్భై ఒకటి. ఆనవాయితీని ఒక నెల ముందుకు జరిపితే మనల్ని అడిగేవాళ్ళు లేరు. చెవులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

ఇంకా తడిగా ఉంది. రంగు గురించి నేనేమీ అనను. కర్ర తీసుకుని, నింపాదిగా, మెట్టుమెట్టుకూ ఆగుతూ, పసుపుదారంతో ఆరేలోపు పైకి రా.

దొమితిలా